పన్నెండో కార్డు

కిందటి వారం భాగం చివర మీరు నన్ను ఆసుపత్రిలో, పశువైద్యుడి మంచం పక్కన వదిలేశారు. ఆయన రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. పదివేళ్ళలో ఏడు విరిగాయని నర్సు చెప్పింది. విరగ్గొట్టినవాడు సున్నపు బట్టీల యజమాని తమ్ముడు. ఊరంతా అన్నని పెద్దాయన, తమ్ముణ్ణి చిన్నాయన అంటారు. విరగ్గొట్టింది వాడే అయినా, విరగ్గొట్టించింది మాత్రం నేను. నా పెన్సిలు.

లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళుగా కార్డులు రాస్తున్నాను. పుస్తకం వస్తే దానికో కార్డు, డ్రాయర్లో దానికో చోటు. అందుకే నన్ను కార్డులమ్మ అంటారు. ఆ పిలుపు నాకు నచ్చకపోవడమేమీ లేదు.

మా డ్రాయర్లలో ఒకటి మొత్తం ఒకే పేరుతో నిండిపోయింది. ఏ సందులో నిలబడి ఆ పేరు పెట్టి కేకేసినా ఇద్దరు తలలు తిప్పుతారు, అంత మామూలు పేరు. ఇంటిపేరుతో సహా అచ్చంగా అదే పేరున్న రచయితలు మాకు పదకొండు మంది తేలారు. ఒకాయన ఆవుల పొదుగు వాపు గురించి రాస్తే, ఇంకొకాయన విరహం గురించి రాశాడు. ఒకాయనది త్రికోణమితి, ఒకాయనది ఇంద్రజాలం. పళ్ళు పీకే డాక్టరొకడు హత్యల నవలలు పదహారు రాశాడు. ఓడలో వంట చేసినవాడు రెండొందల మందికి ఒక్కసారే ఎలా వండాలో రాశాడు. తేనెటీగల మీద ఉంది, గోడ గడియారాల మరమ్మతు మీద ఉంది. ఇవన్నీ ఒక్కడే రాశాడనుకుని ఒక పెద్దమనిషి, "ఇంతటి సర్వజ్ఞుడికి సన్మానం చెయ్యరేం?" అని మాకు ఘాటుగా ఉత్తరం రాశాడు. విరహ కవిత్వం అడిగిన కొత్త పెళ్ళికూతురు చేతికి పొదుగు వాపు వెళ్ళింది. మర్నాడు ఆ పిల్ల దాన్ని నా బల్ల మీద పడేసిన తీరు ఇప్పటికీ గుర్తుంది.

ఈ గందరగోళం తీర్చడానికే కార్డు మీద పేరు కింద వృత్తి రాస్తాం. దాని కింద పుట్టిన ఏడు, పక్కన ఒక గీత. మనిషి పోయాక గీత పక్కన పోయిన ఏడు వేస్తాం. బతికున్నన్నాళ్ళూ అక్కడ ఖాళీ. కార్డు వెనక పెన్సిలుతో రచయిత ఇంటి అడ్రసు రాసుకోవడం మాత్రం నా సొంత అలవాటు. వృత్తి తెలియకపోతే ఆ చోటు వదిలెయ్యాలన్నది రూలు. నాకేమో ఖాళీ చూస్తే ఒళ్ళు మంట.

రెండేళ్ళ కిందట పంపినవాళ్ళ అడ్రసు లేకుండా పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. పేరు 'తెల్ల గొయ్యి'. రచయిత పేరు అదే, ఆ పదకొండు మందిదే. ఇరవై నాలుగేళ్ళ కిందట సున్నపు బట్టీల్లో కూలి పెంచమని అడిగిన నలుగురిని పెద్దాయన ఎలా ఉడుకుతున్న సున్నం గోతిలోకి తోయించాడో, ముగ్గురు ఎలా కరిగిపోయారో, నాలుగోవాడు ఎలా పైకి పాకాడో అందులో ఉంది. చెప్పేవాడు ఆ నాలుగోవాడే. నేను కథ అనుకున్నాను. అందులో బట్టీ బండి లాగే గుర్రానికి కాలు విరుగుతుంది. ఆ ఎముక ఎలా చీలిందో రాసిన తీరు చూసి, "ఇది పశువైద్యుడు తప్ప ఇంకెవడు రాస్తాడు?" అని నా తెలివికి నేనే మురిసిపోయి ఆయన పేరు కింద వేసేశాను. చనిపోయిన ముగ్గురిలో ఒకడి కూతురు ఆ పుస్తకం చదివి కోర్టుకెక్కింది. రాసినవాడు వచ్చి ఎదురుగా నిలబడి చెబితే గొయ్యి తవ్విస్తామంది కోర్టు. గడువు వచ్చే సోమవారం. చిన్నాయన మా లైబ్రరీకొచ్చి, మర్యాదగా డ్రాయరు లాగి, కార్డు తిప్పి అడ్రసు చూసుకున్నాడు. అంతే.

ఇక ఈ గురువారం మధ్యాహ్నం.

భోజనాల వేళ బోర్డు తిప్పి, గేటు దగ్గరికి వేసి, టిఫిను డబ్బా పట్టుకుని వెనక బైండింగు గదికి వెళ్ళాను. మిగతావాళ్ళు ఇళ్ళకి పోతారు. నేనూ బైండరూ మాత్రం పందొమ్మిదేళ్ళుగా ఆ గదిలోనే తింటాం. అతనికి చదువు రాదు. హాజరుపట్టీలో 'బైండరు' అని నేను రాస్తే ఎదురుగా వేలిముద్ర వేస్తాడు. అప్పుడప్పుడూ పుస్తకాన్ని తలకిందులుగా అట్టలో బిగిస్తాడు. నేను తిడితే, "నాకన్నీ చీమలే కదక్కా, ఏ చీమ ఎటు నడుస్తుందో నాకేం తెలుసు?" అంటాడు. ఎండాకాలమైనా పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. పుస్తకాల వీపుకి పూసే సరేసు జిగురు కరెంటు పొయ్యి మీద కుతకుతమంటూ గదంతా కంపు కొడుతోంది. ఆ కంపులో అన్నం తినడం మాకు అలవాటే.

"పశువుల డాక్టరు ఎలా ఉన్నాడక్కా?"

"వేళ్ళు కూడా కదపలేకపోతున్నాడు. ఆయన భార్య నన్ను ఒక్క మాట అనలేదురా. తిట్టినా బాగుండేది."

బైండరు ముద్ద నోట్లో పెట్టుకోలేదు. డబ్బా మూసేశాడు. "నీ తప్పు కాదక్కా అది," అన్నాడు నేల చూస్తూ. "రాసినవాడిది తప్పు. రాసి దాక్కున్నవాడిది."

అప్పుడే తలుపు తోసుకుని చిన్నాయన లోపలికొచ్చాడు. ఒక చంకలో ఆ పేరు డ్రాయరు, ఇంకో చేతిలో 'తెల్ల గొయ్యి'. వెనకాల వాళ్ళ డ్రైవరు. పెద్దాయన దగ్గర ముప్పై ఏళ్ళుగా ఉన్న మనిషి. తలుపు గడియ పెట్టాడు.

"ఇది భోజనాల వేళండీ," అన్నాను. నాకే నవ్వొచ్చే మాట. ఇరవై ఆరేళ్ళ నోరు, అదే ముందొచ్చింది.

చిన్నాయన డ్రాయరు బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగి నన్ను చెంప మీద కొట్టాడు. చెవిలో గుయ్యిమని మోత. నాలుక పన్ను కింద పడి నోరంతా నెత్తురైంది.

"తప్పుడు మనిషి దగ్గరికి పంపావు కార్డులమ్మా," అన్నాడు, ఏ కోపమూ లేకుండా. "నలభై నిమిషాలు కష్టపడ్డాను ఆ డాక్టరు మీద. తీరా చూస్తే ఆ ఏడంతా ఆయన పశువుల కాలేజీ హాస్టల్లో ఉన్నాడట. నా కష్టం వృథా కదా?"

బైండరు లేచాడు. డ్రైవరు అతని మెడ పట్టి కటింగు మిషను దాకా ఈడ్చాడు. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెబుతాను. మొద్దు ఇనుప బల్ల. కాగితాల కట్టని కదలకుండా నొక్కిపెట్టడానికి పైనుంచి దిగే పలక, దాన్ని బిగించడానికి చక్రం. పలకకి ముందు మనిషి చెయ్యంత పొడుగు కత్తి, దాన్ని దించడానికి పెద్ద పిడి. ఐదొందల కాగితాలు ఒక్క లాగుకి తెగుతాయి. డ్రైవరు బైండరు కుడిచెయ్యి పలక కింద పెట్టి చక్రం తిప్పాడు. నాలుగు వేళ్ళు కత్తి గీత దాటి ఇవతలికి ఉన్నాయి.

"వీడికేం తెలుసండీ! వేలిముద్ర వేసేవాడు! వదలండి వాణ్ణి!"

"వీడికి తెలియదనే పెట్టాం. నీకు తెలుసు." చిన్నాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. డ్రాయరులోంచి మొదటి కార్డు తీశాడు. "ఎవడు వీడు?"

"లెక్కల మాస్టారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. పోలియో కాలు. సున్నం బట్టీకి వెళ్ళే మనిషి కాదు."

కార్డు రెండు ముక్కలు చేసి కింద పడేశాడు. "వీడు?"

"విరహ కవి. ఆ ఏటికి ఆయనకి తొమ్మిదేళ్ళు."

చించాడు. "అబద్ధం చెబుతున్నట్టు అనిపిస్తే చక్రం అర చుట్టు తిరుగుతుంది. ఇది చెప్పడం మర్చిపోయాను." డ్రైవరు అప్పటికే తిప్పాడు. బైండరు గొంతులోంచి ఒక మూలుగు వచ్చి ఆగిపోయింది.

అలా ఒక్కొక్కణ్ణే తీశాడు. ఒక్కొక్కడినీ నేను నా నోటితో కాపాడుకోవాలి. గడియారాలాయనకి పుట్టుకతో చూపు తక్కువ. పళ్ళ డాక్టరు అప్పుడు వేరే దేశంలో చదువుతున్నాడు. ఇంద్రజాలికుడి గురించి నాకేం తెలియక తడబడితే చక్రం తిరిగింది, బైండరు వేళ్ళు నల్లబడ్డాయి. ఇన్నేళ్ళూ నేను వీళ్ళని పేరూ వృత్తీ అంటూ రెండు వరుసల్లో ఇమిడ్చేశాను. ఇప్పుడు ఒక్కొక్కడూ ఇల్లూ పెళ్ళాం పిల్లలతో నా ముందు నిలబడ్డాడు. ఎవరి కార్డు మీద ఆగిపోతే వాళ్ళ ఇంటికి ఈ చేతులు వెళ్తాయి. నాకు ఏడుపు తన్నుకొస్తోంది, ఏడిస్తే మాట తడబడుతుందని బిగబట్టుకున్నాను.

తొమ్మిది కార్డులు నేల మీద పడ్డాక చిన్నాయనకి విసుగొచ్చింది. 'తెల్ల గొయ్యి' అందుకుని, రెండు అట్టలూ రెండు చేతుల్లో పట్టుకుని వెనక్కి విరిచాడు. పుస్తకం వీపు ఫట్‌మని చీలింది. మా మీద విసిరాడు. సగం నా ఒళ్ళో పడింది.

చీలిన వీపులో కుట్టుదారం వేలాడుతోంది. చివర ముడి. మూడు చుట్లు తిప్పి, ఎడమ నుంచి వెనక్కి లాగి బిగించిన ముడి.

ఆ ముడి నాకు తెలుసు. మా లైబ్రరీలో చిరిగి బాగుపడిన ప్రతి పుస్తకంలోనూ అదే ముడి. అది వేసేది ఒక్కడే. అచ్చు కాగితాలు ఎక్కడో వేయించి ఉంటాడు. కుట్టింది మాత్రం తనే, ఒక్కో కాపీ, ఇంట్లో కూర్చుని. పోస్టులో మా లైబ్రరీకే పంపాడు. మర్నాడు నేను దాన్ని పశువైద్యుడి కింద రాస్తుంటే నా పక్కనే నిలబడి, "ఏం పుస్తకమక్కా?" అని అడిగాడు. పందొమ్మిదేళ్ళుగా హాజరుపట్టీలో పేరు రాయకుండా వేలిముద్ర ఎందుకు వేశాడో, ఆ పేరేమిటో, ఆ గుండీల కింద ఏముందో అంతా ఒక్కసారే తెలిసింది.

తల ఎత్తి అతని వైపు చూశాను. నొప్పికి చెమటలు కారుతున్న ముఖంలో కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. నాకు తెలిసిందని అతనికి తెలిసింది. వద్దని తల అడ్డంగా ఊపాడు, కనీ కనిపించనంతగా.

సోమవారం దాకా వీడు బతకాలి. ఇంకేమీ ఆలోచించలేదు. పదో కార్డు నేనే తీసి బల్ల మీద పెట్టాను.

"ఈయన. ఓడ వంటవాడు. ఓడ ఎక్కకముందు బట్టీల దగ్గర కూలీలకి వండాడు. ఆయనే."

అబద్ధమే. కానీ ఆ కార్డు మీద గీత పక్కన ఏడు వేసి ఉంది. ఆరేళ్ళ కిందటే పోయాడు. చచ్చినవాణ్ణి ఎవడు ఏం చేస్తాడు? నా తెలివికి మళ్ళీ నేనే మురిసిపోయాను.

చిన్నాయన ఆ ఏడు చూసి ఊపిరి వదిలాడు. "పోయాడా. మంచిదే. చచ్చినవాడు కోర్టుకి రాలేడు." లేచాడు. లేస్తూ, ఊరికే అన్నట్టు కార్డు తిప్పాడు. వెనక నా పెన్సిలు రాత. "ఇదేమిటి? పెళ్ళాం ఇంకా ఇక్కడే ఉందా? మనవరాలు కూడానా?" నేను అది కూడా రాసుకున్నాను. ప్రతి ఏడూ ఆమెకి లైబ్రరీ వార్షికోత్సవం కార్డు పంపడానికి. "మొగుడు చెప్పకుండా పోయుంటాడా? రాతకాగితాలు దాచకుండా ఉంటుందా? పద డ్రైవరూ. ఇక్కడి పని అయ్యాక నేరుగా అక్కడికే."

"ఇక్కడి పని?" అన్నాను.

"చూసినవాళ్ళు ఇద్దరున్నారు కదమ్మా," అంటూ పిడి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు బైండరు మాట్లాడాడు. నేనెప్పుడూ వినని గొంతు. మెల్లగా, పుస్తకం చదువుతున్నట్టు.

"'అన్న వెనక్కి తిరిగి చూడలేదు. తమ్ముడు చూశాడు. చూసి, బండి చక్రం పట్టుకుని వాంతి చేసుకున్నాడు.' చివరి పేజీ, కింది నుంచి మూడో వరుస. చూసుకో."

పొయ్యి మీద సరేసు ఇంకా కుతకుతమంటోంది.

"ఎవడో చదివి వినిపించి ఉంటాడు," అన్నాడు చిన్నాయన. "వేలిముద్రగాడివి, నువ్వు రాశావా?"

"ఎడంచెయ్యి ఖాళీగానే ఉంది. కార్డొకటి ఇప్పించు."

నేను వద్దంటున్నాను. నా మాట ఎవరూ వినలేదు. చిన్నాయన ఖాళీ కార్డూ పెన్నూ అతని ఎడంచేతి దగ్గర పెట్టాడు. బైండరు ముందు పళ్ళతో ఎడంచేతి గుండీ విప్పి చొక్కా చెయ్యి పైకి ఈడ్చుకున్నాడు. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా చర్మం కరిగి గట్టిపడిన మైనంలా ఉంది. సున్నం తిన్న చెయ్యి. డ్రైవరు ఆ చెయ్యి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ రోజు తోసినవాళ్ళలో వాడూ ఉన్నాడు; సున్నం కప్పిన కూలీల ముఖాలు అప్పుడెవరు చూశారు?

ఎడంచేత్తో రాశాడు. నేను ఇరవై ఆరేళ్ళుగా రాసే పద్ధతిలోనే, నా కంటే గుండ్రంగా. పైన పేరు. అదే పేరు. దాని కింద వృత్తి: సున్నపు కూలీ. దాని కింద పుట్టిన ఏడు. పక్కన గీత. గీత పక్కన ఖాళీ.

"పన్నెండో వాడు," అన్నాడు నాతో. "ఎప్పుడో రాయాల్సిందక్కా. సోమవారం నేనే వెళ్దామనుకున్నా. అనుకుంటూ పశువుల డాక్టరు చేతులు పోగొట్టాను. ఆ వంటవాడి ఇల్లాల్ని కూడా పోగొట్టలేను."

చిన్నాయన కార్డు చూశాడు. నెమ్మదిగా నవ్వాడు. "గీత పక్క అంకె నేను వేస్తాలే."

"వెయ్యి. దానికి ముందు ఒక్కటి చెప్పి వెయ్యి. పుస్తకంలో నేను రాయనిది." బైండరు ఊపిరి పీల్చుకున్నాడు. "వాంతి చేసుకున్నాక నువ్వు బండికున్న తాడు విప్పి గోతి అంచున పడేశావు. ఒక కొస లోపలికి జారింది. దాన్ని పట్టుకునే పైకొచ్చాను. నువ్వు మర్చిపోయి పడేశావో, కావాలని వదిలావో ఇరవై నాలుగేళ్ళుగా అడగాలని ఉంది. మీ అన్న చదివితే నిన్ను బతకనివ్వడని ఆ తాడు సంగతి రాయలేదు."

చిన్నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ క్షణం వాడు ఇరవై ఏళ్ళ కుర్రాడిలా ఉన్నాడు, వాంతి చేసుకుని మూతి తుడుచుకుంటున్నవాడిలా. నాకు వాడి మీద జాలి వేసింది. చెంప ఇంకా మండుతుండగానే వేసింది.

"అలాగా చిన్నబాబూ?" అన్నాడు డ్రైవరు. మెత్తగా అన్నాడు. చక్రం వదిలేశాడు. చెయ్యి మొల వెనక్కి వెళ్ళింది. "తాడు నువ్వు వేశావా? ఈ సంగతి పెద్దాయనకి తెలియాలి కదా మరి."

"వాడు అబద్ధం చెబుతున్నాడు," అన్నాడు చిన్నాయన.

"అయితే లాగు పిడి. అబద్ధాలాడే చేతిని కొట్టెయ్. చూస్తాను."

డ్రైవరు చేతిలో బాకు బయటికొచ్చింది. అది బైండరు వైపు లేదు. చిన్నాయన డ్రైవర్ని చూశాడు, బైండరుని చూశాడు. రెండు చేతులతో పిడి పట్టుకున్నాడు. నేను పొయ్యి మీది సరేసు గిన్నెని వట్టి చేతులతో ఎత్తాను. అరచేతులు కాలిన సంగతి తర్వాత తెలిసింది. ముగ్గురూ ఒకే వరసలో ఉన్నారు, ఎవరి మీద పడుతుందో చూసుకునే వ్యవధి లేదు. విసిరేశాను.

గదిలో రెండు కేకలు లేచాయి. వాటి మధ్య కత్తి దిగి ఇనుముకి తగిలిన చప్పుడు. ఎవరో నా మీద పడ్డారు. నేను మోకాళ్ళ మీద కూలబడి, కళ్ళ నిండా ఆవిరితో, చేతికందినది పట్టుకున్నాను. కార్డు. పన్నెండో కార్డు. పేరు ఉంది, వృత్తి ఉంది, పుట్టిన ఏడు ఉంది, గీత ఉంది. గీత పక్కన నేను ఇన్నేళ్ళూ చూడలేకపోయిన ఆ ఖాళీలో నెత్తురు పడి, మెల్లగా పాకుతోంది. ఎవరిదో తెలియడానికి తల ఎత్తాలి. నాకు తల ఎత్తే ధైర్యం రాలేదు.